వలల సుక్రు పెంచిన కుందేళ్లు

పాడేరు నుంచి అరకు వెళ్లే దారిలో కాఫీతోటలు దాటాక, కుడిచేతి వైపు కాస్త లోపలికి, ఎత్తు మీద ఉన్న ఊరు పనసపుట్టు. ఆ ఊళ్లో సుక్రు అంటే వలల సుక్రే. చైత్రమాసంలో ఇటుకల పండగ వస్తే ఊరి మగాళ్లంతా విల్లులూ వలలూ పట్టుకుని వేటకని కొండెక్కుతారు. వల ఎక్కడ కట్టాలో చెప్పేది సుక్రు. గడ్డి నలిగిన తీరు చూసి చెవులపిల్లి, అంటే కొండమీది కుందేలు, పొద్దున ఎక్కడ పడుకుందో, తరిమితే ఏ వైపు దూకుతుందో చెప్పేస్తాడు. అది వాళ్ల నాన్న నేర్పిన విద్య. ఇప్పుడు కొండ మీద జంతువులు తగ్గిపోయాయి. ఫారెస్టు వాళ్ల భయమూ ఉంది. వేట చాలామటుకు పండగ ముచ్చటగానే మిగిలింది. అయినా సుక్రు లేకుండా జట్టు కదలదు.

ఏభై దాటిన బక్కపలుచని మనిషి. మాట తక్కువ. భార్య రత్నాలుతో కలిసి కాస్త పసుపూ, కొన్ని కాఫీమొక్కలూ చూసుకుంటూ, మిగిలిన రోజుల్లో రోడ్డు పక్కనున్న టూరిస్టు బసలో తోటపని చేసేవాడు. వైజాగు ఆసామి ఒకాయన గుడారాలు వేయించి నడిపిస్తున్న బస అది. దాన్ని చూసుకునే మేనేజరు రవిబాబు విజయనగరం కుర్రాడు. ఎప్పుడూ చెవి దగ్గర ఫోనుండేది గానీ మనిషి మంచివాడు.

మూడేళ్ల కిందట చలికాలంలో ఒక వ్యాను వచ్చి బస ముందాగింది. అందులోంచి బాతులు దిగాయి, నాటుకోళ్లు దిగాయి, రెండు మేకపిల్లలు దిగాయి. చివరికి ఒక చిల్లుల అట్టపెట్టె దిగింది. వచ్చినవాళ్ల పిల్లలు ఆడుకోడానికని ఆసామి పంపించాడట.

"సుక్రూ, నీకు కుందేళ్లు బాగా తెలుసంట కదా. ఇకనుంచి ఇవన్నీ నీవే" అన్నాడు రవిబాబు పెట్టె మూత తీస్తూ.

సుక్రు వంగి చూశాడు. తెల్లవి రెండు, గోధుమరంగువి రెండు, చెవుల చివర్లు నల్లగా ఉన్నదొకటి. మనిషి మొహం కనబడినా ఒక్కటీ ఎగిరి దూకలేదు. ముక్కులు కదుపుతూ అతని వైపే చూస్తున్నాయి.

"నాకు తెలిసింది పట్టుకోడమే బాబూ. పెంచడం తెల్దు" అన్నాడు.

"పట్టుకున్నోడికి పెంచడం ఎంతసేపు? సూస్తూ ఉంటే అదే వస్తాది."

బస వెనక రవిబాబు చూపించిన చోట ఒకటే దడి కట్టాడు సుక్రు. అన్నిటికీ కలిపి ఒకే పాక. అన్నీ ఒకచోట ఉంటే చూసేవాళ్లకు బాగుంటుందని రవిబాబు మాట. మొదటి ఆదివారం పిల్లలు దడి చుట్టూ మూగారు. బిస్కట్లు వేశారు, కాల్చిన మొక్కజొన్న గింజలు వేశారు. కోళ్లు, కుందేళ్లు, మేకపిల్లలు ఒకదాని మీద ఒకటి పడి తిన్నాయి. రవిబాబు ఫోటోలు తీసి ఆసామికి పంపించాడు.

తర్వాత వారంలో ఒక్కొక్కటీ బయటపడసాగింది. బాతులు నీళ్లతొట్టిలో దిగి రెక్కలు విదిలిస్తే పాకంతా చిత్తడి అయ్యేది. కుందేళ్లు ఆ తడిలోనే కూర్చునేవి. వాటి కాళ్ల కింద బొచ్చు ఊడి ఎర్రగా పుండ్లు తేలాయి. కోళ్లు మేత దగ్గర వాటి మొహాల మీద పొడిచేవి. ఆటలో మేకపిల్ల ఒకసారి తెల్లవాటిలో ఒకదాన్ని తొక్కింది. నల్లచెవులది మూల ముడుచుకుని, ముక్కు కారుతూ, గడ్డి పెట్టినా తల తిప్పేసుకుంది. చెవులపిల్లి అలా కూర్చుంటే దాని పని అయిపోయినట్టేనని సుక్రుకి తెలుసు. కానీ ఏం చెయ్యాలో తెలీలేదు. ఒళ్లో పెట్టుకుని తువ్వాలు కప్పాడు. పొద్దెక్కేలోపే అది చచ్చిపోయింది.

అతని చేతుల్లో ఎన్నో చెవులపిల్లులు చచ్చిపోయాయి. మేత పెట్టిన చేతిలో ఒకటి చచ్చిపోవడం అదే మొదలు. సిల్వరోకు చెట్టు కింద గొయ్యి తీసి పూడ్చాడు.

ఇంటికొచ్చి చెబితే రత్నాలు, "పూడిసీసినావా?" అంది ఆశ్చర్యంగా.

"రోగం తోటి సచ్చింది."

"ఓహో" అని, అతని మొహం చూసి అన్నం పెట్టింది.

ఆ మర్నాడే ఊళ్లో మేకలకు టీకాలు వేయడానికి భానుశ్రీ వచ్చింది. పాచిపెంట దగ్గరి పిల్ల. చదువైపోయి పశువుల శాఖలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. ఊరివాళ్లు మాత్రం డాక్టరమ్మ అనే పిలిచేవారు. సుక్రు ఆమె స్కూటీకి అడ్డం నిలబడ్డాడు.

"ఒకపాలి కిందకి రామ్మా. కుందేళ్లు సచ్చిపోతన్నాయి."

భానుశ్రీ పాక చూసింది. ఒక్కో కుందేలునీ ఎత్తి కాళ్లు చూసింది, ముక్కు చూసింది, పొట్ట నొక్కి చూసింది. పుండ్లకు మందు రాసి, "బాబాయ్, వీటన్నిటినీ ఒక్కచోట పెట్టమని ఎవరన్నారు?" అని అడిగింది.

"వొచ్చినోళ్లు ఒకేపాలి సూస్తారని పెట్టినాం."

"కోడికి ఏటీ చెయ్యని రోగం కుందేలికి తగిలితే లేవదు. కోడిపెంట దీని మేతలో పడకూడదు, కోళ్ల దాణా దీనికి పెట్టకూడదు. బాతుకి నీళ్లు కావాలి, దీనికి పొడినేల కావాలి. ఇంక మేక కాలు పడితే దీని నడుం విరిగిపోద్ది. పక్కపక్కన ఉండొచ్చు బాబాయ్, ఒకే ఇంట్లో మాత్రం ఉండకూడదు."

వెనకే వచ్చిన రవిబాబు, "మరి పిల్లలు చూడ్డానికో?" అన్నాడు.

"ఎండ తగ్గాక కాసేపు బయటికి తియ్యండి. పిల్లల్ని కింద కూర్చోబెట్టి చూపించండి. బిస్కట్లూ మొక్కజొన్నా మానిపించండి, పొట్ట ఉబ్బిపోద్ది. వీటికి ఎండుగడ్డే అన్నం." ఆమె ఒక తెల్లదాన్నీ ఒక గోధుమరంగుదాన్నీ తిరగేసి చూసి, "ఇవి రెండూ మగవి, కొట్టుకుంటాయి, వేరు చెయ్యండి. మిగిలిన రెండూ ఆడవి. ఆ రెండూ కలిసి ఉండొచ్చు" అంది.

రవిబాబు, "సుక్రూ, వెదుళ్లు ఎన్ని కావాలో కొట్టించుకో. తోటపని పక్కనెట్టు" అన్నాడు. చచ్చిపోయినదాని సంగతి అతనికీ బాధగానే ఉంది.

సుక్రు కుందేళ్లకు నడుమెత్తు రాటల మీద గూడు కట్టాడు, రెండు మగవాటికి చెరొక అర, ఆడవాటికి కలిపి ఒకటి. వెదురుబద్దల నున్నటి వైపు పైకి వచ్చేట్టు పరిచి, పెంటికలు కిందకి రాలేలా సందు వదిలాడు. సగం నేల మీద చెక్క వేసి ఎండుగడ్డి దట్టంగా పరిచాడు, కాళ్ల పుండ్లు మానాలని. రెండు రోజులకే వెదురుని పళ్లతో కొరికి పొట్టు చేసేశాయి. అప్పుడు లోపలి వైపంతా ఇనప వల కొట్టాడు. కొరుక్కోడానికని జామకొమ్మలు వేలాడదీశాడు. కొండ వైపు నుంచి గాలివాన కొడుతుంది కాబట్టి గూడు వీపు అటు తిప్పి, పైన గడ్డి కప్పాడు. చీమలు ఎక్కకుండా రాటల కింద నీళ్ల డబ్బాలు పెట్టాడు. బాతుల్ని పల్లానికి, కోళ్లను ఆ చివరికి, మేకపిల్లల్ని వేరే దడిలోకి మార్చాడు. గూటి ముందు ఆడవి వాలుచెక్క మీదుగా దిగి నేల మీద తిరగడానికి చిన్న ఆవరణ కూడా కట్టాడు. దాని వలని నేలలోకి జానెడే దించాడు. చెవులపిల్లి నేల తవ్వదు కాబట్టి అది చాలనుకున్నాడు.

సొంత కుక్కతోనే ఇంకో చిక్కు వచ్చింది. సుక్రు వెంట రోజూ పనికొచ్చే నల్లకుక్క వేటకు అలవాటు పడింది. అది మొరగదు, మీదకి దూకదు. ఆవరణ ముందు పడుకుని రెప్ప వేయకుండా చూసేది అంతే. ఆ చూపుకే కుందేళ్లు గూటి మూలకి చేరి వణికేవి, మేత ముట్టేవి కావు. మూడో రోజునుంచి కుక్కని ఇంటి దగ్గర కట్టేసి వచ్చాడు. దారిన పోయే కుక్కలకు కనబడకుండా ఆవరణ కింది భాగానికి తడకలు కట్టాడు.

నెల తిరిగేసరికి పుండ్లు మానాయి, బొచ్చు మెరిసింది. సుక్రు సామగడ్డి ఎండబెట్టి తెచ్చేవాడు. పొద్దున్నే మంచు ఆరాక కోసిన పచ్చగడ్డి పిడికెడు వేసేవాడు. వచ్చిన పిల్లల్ని కింద కూర్చోమని, చేతులు ఒళ్లో పెట్టుకోమని, అది దగ్గరికొచ్చేవరకూ కదలొద్దని చెప్పేవాడు. చెవులు పట్టి ఎత్తబోతే మాత్రం గబుక్కున చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆడవాటిలో గోధుమరంగుది అతని అడుగుల చప్పుడు వింటే ముందుకాళ్లెత్తి నిలబడేది. ఊళ్లో జనం ఎగతాళి చేసేవాళ్లు. రత్నాలు తమ్ముడు బుద్రు అయితే, "బావా, బలుపు సూసి ఎప్పుడు కోత్తావు?" అని కనబడినప్పుడల్లా అడిగేవాడు. సుక్రు నవ్వి ఊరుకునేవాడు.

చైత్రం వచ్చింది. పండగ దగ్గరపడుతోందనగా గోధుమరంగుది నోటి నిండా గడ్డి కరుచుకుని ఆవరణలో అటూ ఇటూ తిరగడం సుక్రు చూశాడు. ఆటేమో అనుకున్నాడు. ఎవరో టూరిస్టులు ఫోటో కోసం మగదాన్నీ దాన్నీ ఒకే అరలో పెట్టిన సంగతి రవిబాబుకి గుర్తు లేదు, సుక్రుకి తెలీదు.

వేటకు కొండెక్కే రోజు తెల్లవారగానే, మేత వేసి జట్టులో కలుద్దామని సుక్రు బసకి వచ్చాడు. ఆవరణ మూలలో వల కింద మట్టి తోడి ఉంది. చెయ్యి పట్టేంత సొరంగం. గూట్లో, ఆవరణలో కలిపి మూడే ఉన్నాయి.

రవిబాబు పళ్లు తోముకుంటూ వచ్చి చూసి, "ఎక్కడికెళ్లుంటాది?" అన్నాడు.

"కొండ మీదకే."

"ఇయ్యాల మీవాళ్లంతా కొండ మీదే కదా?"

సుక్రు అప్పటికే వంగి నేల చూస్తూ బయల్దేరాడు. ఊరి నుంచి డప్పుల మోత వినబడుతోంది. జేబులో ఫోను మోగింది. బుద్రు. "బావా, నీకోసమే ఆగినాం. బేగి రా."

"మీరు నడవండి. నాకు పనుంది" అని పెట్టేశాడు. వేటకు రానని సుక్రు అనడం ఊళ్లో ఎవరూ ఎరగరు.

చెవులపిల్లి వెళ్లే దారిలో ఇది వెళ్లలేదు. గడ్డిలో పడక కోసం వెతికి లాభం లేదని కాసేపటికే అర్థమైంది. తవ్వే జంతువు మెత్తటి మట్టి కోసం చూస్తుంది. బస వెనక వాలులో కాఫీమొక్కల కింద, ఎండాకుల మీద కొత్తగా చల్లిన ఎర్రమట్టి కనిపించింది. దాని పక్కన నేల అణగదొక్కినట్టుంది. గోధుమరంగు బొచ్చు పోగులు అక్కడక్కడ అంటుకుని ఉన్నాయి. పాము పట్టిందో ముంగిస పట్టిందో అనుకున్నాడు. రెండు వేళ్లతో మట్టి పక్కకు తీశాడు. లోపలినుంచి వెచ్చటి గాలి తగిలింది. బొచ్చు మధ్యలో బొటనవేలంత ఎర్రటి పిల్లలు, కళ్లు మూసుకుని, ఒంటిమీద వెంట్రుక లేకుండా కదులుతున్నాయి.

చెవులపిల్లి పిల్లలు సుక్రుకి కొత్త కాదు. అవి పుట్టడమే బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. ఇవి నెలలు నిండకుండా పడిపోయిన పిల్లలనుకున్నాడు. రోడ్డు మీద సిగ్నలు దొరికే చోటికి పరుగెత్తి భానుశ్రీకి ఫోను చేశాడు.

"అవి అలాగే పుడతాయి బాబాయ్" అంది ఆమె. "కొండది వేరు, ఇది వేరు. ఇది నేలలో ఇల్లు తవ్వుకుని, తన బొచ్చే పీకి పరుస్తాది. మట్టి మళ్లీ కప్పీ. పిల్లల్ని కదపకు."

"తల్లి దగ్గర్లేదు. ఒగ్గేసి పోనాదా?"

"పోలేదు. రోజుకి ఒకటి రెండు సార్లే వచ్చి పాలిచ్చి, బొరియ మూతి మూసేసి పోద్ది. ఎవరికీ తెలీకూడదని అలా చేస్తాది. నువ్వు దూరంగా కూర్చో, వస్తాది."

సుక్రు తిరిగి వెళ్లి మట్టి కప్పి, పైన ఆకులు సర్దాడు. చుట్టూ చూస్తే పొదలో రెండు చెవులు కనిపించాయి. వల వేస్తే ఒక్క నిమిషంలో పట్టుకోగలడు. కానీ తల్లిని పట్టుకుపోతే బొరియలో పిల్లలేమవుతాయి? ఒక కాఫీమొక్క మొదట్లో కూర్చున్నాడు.

పొద్దెక్కాక పైనుంచి కేకలు వినిపించాయి. జట్టు వాలు మీదుగా దిగుతోంది. ముందు కుక్కలు, వెనక బుద్రు, అతని వెనక వలలు మోస్తున్నవాళ్లు. సుక్రు లేచి వాళ్లకి ఎదురెళ్లాడు.

"ఏటి బావా, ఇక్కడేటి సేత్తన్నావు?"

"ఈ వాలు ఒగ్గేయండి. అటు పక్కనుంచి ఎల్లండి."

"పండగ పూట కొండకి అడ్డం నిలబడతావేటి?" బుద్రు గొంతు పెంచాడు. వెనకవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వల ఎక్కడ కట్టాలో చెప్పే మనిషే వద్దంటున్నాడు.

సుక్రు గొంతు పెంచలేదు. "కుక్కల్ని కట్టి, నువ్వొక్కడివీ రా" అన్నాడు.

బుద్రు విసుక్కుంటూనే కుక్కల్ని వలతాడుతో కట్టి వచ్చాడు. సుక్రు ఆకు జరిపి, మట్టి కొద్దిగా తీసి చూపించాడు. బుద్రు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఎలకపిల్లల్లా ఉన్నాయి" అన్నాడు చివరికి.

"రేపటికి బొచ్చొస్తాదో, ఎల్లుండికొస్తాదో నాకూ తెల్దు. తల్లి ఆ పొదలో ఉంది. మీ కుక్కలొస్తే మరి రాదు."

"నువ్వు పెంచిందా?"

"ఊఁ."

బుద్రు లేచి చేతులు దులుపుకున్నాడు. జట్టు దగ్గరికెళ్లి ఏం చెప్పాడో గానీ, వాళ్లు కుక్కల్ని లాక్కుంటూ అవతలి వాలుకి తిరిగారు. ఆ రోజు వాళ్లకి ఒక ఉడుతైనా దొరకలేదు. సాయంత్రం వట్టి చేతులతో ఊళ్లోకి వస్తుంటే, ఆనవాయితీ ప్రకారం ఆడవాళ్లు పేడనీళ్లతో కాచుక్కూర్చున్నారు. అప్పుడే అన్నం కోసం ఇంటికొస్తున్న సుక్రు కూడా వాళ్లకి దొరికాడు. మొదటి చెంబు రత్నాలే పోసింది. అతను మొహం తుడుచుకుంటూ, "బేగి అన్నం పెట్టు, మళ్లీ ఎల్లాలి" అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

అన్నం తిని సుక్రు వలలన్నీ భుజాన వేసుకుని దిగాడు. బొరియ చుట్టూ, పొద చుట్టూ వెదుళ్లు పాతి వాటికి వలలు కట్టాడు. కుక్కలు, ముంగిసలు రాకుండా, తల్లి మాత్రం లోపల తిరిగేట్టు. రవిబాబు ఒక టార్పాలిన్, ఫ్లాస్కు నిండా టీ పంపించాడు. పిల్లల్ని చూస్తామన్న టూరిస్టుల్ని అతనే అడ్డుకుని బాతుల వైపు తీసుకెళ్లేవాడు. సుక్రు పడక అక్కడికే మారింది. రెండో రోజు తెల్లారుతుండగా తల్లి పొదలోంచి వచ్చింది. అతని వైపు ఒకసారి చూసి, మట్టి తోడి, బొరియ మీద కాసేపు వంగి నిలబడి, మళ్లీ మట్టి కప్పి ముందుకాళ్లతో తట్టి వెళ్లిపోయింది. భానుశ్రీ చెప్పినట్టే జరిగింది. సుక్రు ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

మూడో వారంలో ఒక పొద్దున బొరియ మూతి తెరుచుకునే ఉంది. బయట ఆరు పిల్లలు, నాలుగు గోధుమరంగువి, రెండు తెల్లవి, ఎండలో కూర్చుని గడ్డి కొస రుచి చూస్తున్నాయి. ఆ రోజు రత్నాలు కూడా కొండ దిగి వచ్చింది. ఇద్దరూ కలిసి పిల్లల్ని ఒక్కొక్కటిగా గడ్డి పరిచిన బుట్టలోకి ఎత్తారు. తల్లి తనంతట తనే బుట్ట దగ్గరికి వచ్చింది. ఈలోగా సుక్రు ఆవరణ నేలంతా తవ్వి, అడుగున ఇనప వల పరిచి, పైన మోకాలి లోతు మట్టి నింపి ఉంచాడు. తవ్వుకోవాలనిపిస్తే తవ్వుకోనీ అని. గూట్లో చీకటిగా ఉండే చెక్కపెట్టె ఒకటి పెట్టాడు. మగవాటి అరలకి తాళాలు వేసి తాళంచెవులు మొలతాడుకి కట్టుకున్నాడు.

మరుసటి ఏడాది కూడా సుక్రు పండగకి కొండెక్కాడు. వలలు కట్టే చోటు చూపించాడు, అందరితో నడిచాడు. మనసేమైనా మారిందా అని ఎవరైనా అడిగితే, "కొండది కొండదే, ఇంటిది ఇంటిదే" అంటాడు. అంతకంటే ఎక్కువ చెప్పడు. ఆ మధ్య నేను టూరిస్టుగా బసకి వెళ్లినప్పుడు ఎంత అడిగినా అంతే. రత్నాలు మాత్రం, ఇంట్లో చెవులపిల్లి వండితే ఆయన పులుసు ఒకటే పోసుకుని లేచిపోతున్నాడని చెప్పింది.

నేనున్న రోజే బుద్రు వచ్చాడు. కూతురు కుందేళ్లు కావాలని ఏడుస్తోందట. ఒక జత ఇమ్మని అడిగాడు.

"ఎక్కడ పెడతావు?" అన్నాడు సుక్రు.

"కోళ్లగూట్లో. సోటుంది."

"అయితే ఇవ్వను."

బుద్రు నా వైపు చూసి, "సూసినారా మా బావని?" అన్నాడు. సుక్రు అప్పటికే వెదుళ్లు కోసే కత్తి తీసుకుని లేచాడు. ముగ్గురం కొండెక్కి బుద్రు ఇంటికెళ్లాం. సుక్రు వాకిలంతా తిరిగాడు. కోళ్లగూడు ఎక్కడుందో, కుక్కని ఎక్కడ కడతారో, చూరు నీళ్లు ఎటు పారతాయో చూశాడు. పిడికెడు దుమ్ము పైకెగరేసి గాలి ఎటు పోతోందో చూశాడు. ఇంటికి తూర్పు పక్కన, చూరు కింద పొడిగా ఉన్న చోట నాలుగు మూలలా మడమతో గుర్తులు పెట్టాడు.

"ఇక్కడ. రెండూ ఆడవే ఇస్తాను. వెదుళ్లు నువ్వు కొట్టుకురా."

బుద్రు కూతురు అచ్చియమ్మ గడపలో నిలబడి చూస్తోంది. సుక్రు ఆ పిల్లని దగ్గరికి పిలిచి కింద కూర్చోబెట్టాడు. చేతులు ఒళ్లో ఎలా పెట్టుకోవాలో చూపించడం మొదలుపెట్టాడు.